రేడియో కేంద్రం చరిత్ర రాసే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

మీ ఊరి రేడియో కేంద్రం చరిత్ర రాయబోతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఆకాశవాణిలో డ్యూటీ ఆఫీసరుగా చేసినవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెబుతున్నాను. ప్రారంభోత్సవం ఫొటో, శిలాఫలకం, వచ్చిన మంత్రిగారి పేరు ఎలాగూ దొరుకుతాయి. వాటితో మొదలుపెట్టకు. రోజూ మైకు ముందు కూర్చున్నది ఎవరు, విన్నది ఎవరు అన్నదే ముందు పట్టుకో.

ఆకాశవాణి స్థానిక కేంద్రాల్లో మొదటిది 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో వచ్చింది. స్థానికుల కోసం విద్యాసంస్థలో, స్వచ్ఛంద సంస్థలో నడిపే కమ్యూనిటీ రేడియో దారి వేరు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు తలుపులు తెరుచుకున్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న గాల్లోకి వచ్చింది. కానీ వాళ్ల స్టూడియో 1998 నాటికే ఉంది. లైసెన్సు లేక క్యాసెట్ల మీద రికార్డు చేసి ఊళ్లలోని సంఘాల్లో వినిపించుకునేవారు. లైసెన్సు తేదీ నుంచే రాస్తే ఆ పదేళ్లూ ఎగిరిపోతాయి. మీ కేంద్రానికి ముందు ఏం జరిగిందో కూడా అడుగు.

పాత కార్యక్రమాలన్నీ ఎక్కడో భద్రంగా ఉంటాయనుకోకు. స్పూల్ టేపులకు (చక్రాలకు చుట్టిన రికార్డింగు టేపులకు) ఎప్పుడూ కొరతే, ప్రసారం అయ్యాక చెరిపేసి మళ్లీ వాడేవాళ్లం. కమ్యూనిటీ రేడియోలకైతే మూడు నెలలు దాస్తే చాలని నిబంధన. అందుకే కాగితాలే దిక్కు. క్యూషీటులో ఏ నిమిషానికి ఏం వెళ్లిందో, ఎవరు చదివారో ఉంటుంది. లాగ్ బుక్కులో కరెంటు పోయి ప్రసారం ఆగిన నిమిషాలు కూడా రాసి ఉంటాయి. క్యాజువల్ అనౌన్సర్ల (అవసరమైన రోజుల్లో మాత్రమే పిలిచే అనౌన్సర్ల) పేర్లు, నాటకాల్లో వేసినవాళ్ల పేర్లు స్టాఫ్ జాబితాలో వెతికితే దొరకవు. బుకింగ్ కాంట్రాక్టులు, అంటే కార్యక్రమానికి పిలిచినప్పుడు వాళ్లతో రాసుకున్న ఒప్పంద పత్రాలు చూడు. ఎన్నో ఏళ్లు ఊరంతా గుర్తుపట్టిన గొంతులకు ఆఫీసులో ఉన్న సాక్ష్యం చాలాసార్లు అదొక్కటే. నాకు ఇది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

టేపు దొరికితే ఆత్రపడి మెషీన్ మీద పెట్టకు. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వచ్చినా, చేతికి గోధుమరంగు పొడి అంటినా, జిగురుగా తగిలినా అది పాడైపోతున్నట్టే. తెలిసినవాళ్ల చేత కాపీ చేయించు. డబ్బా మీద రాత ఫొటో తీసుకో. ఎంపీ3 చాలదు, కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV) ఫైలుగా దాచు.

శ్రోతలు కేంద్రానికి రాసిన కార్డుల మీద పోస్టాఫీసు ముద్ర చూడు. తేదీ, ఊరు రెండూ దొరుకుతాయి. ఆ ఊళ్లను మ్యాపులో గుర్తుపెడితే కేంద్రం నిజంగా ఎంత దూరం వినిపించేదో తెలుస్తుంది. అచ్చువేసేటప్పుడు మాత్రం చిరునామాలు తీసేయి.

మనుషుల్ని కలిసేటప్పుడు “మీ అనుభవాలు చెప్పండి” అని అడక్కు, సన్మాన సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. “పొద్దున్నే స్టూడియో తలుపు తీశాక ముందు ఏ స్విచ్ వేసేవారు?” అని అడుగు. తేదీలు మాత్రం లాగ్ బుక్కుతో సరిచూసుకో. వయసు మీదపడ్డవాళ్లను ఈ నెలలోనే కలువు, కాగితాల పని తర్వాతైనా చేసుకోవచ్చు. ఫోన్లో కాదు, ఇంటికే వెళ్లు. రికార్డర్‌తో పాటు ఒకటి రెండు క్యూషీట్ల జెరాక్స్ పట్టుకెళ్లు. అందులో తమ పేరు కనిపిస్తే, ఆ రోజు పక్కన ఎవరున్నారో వాళ్లే చెప్పేస్తారు.