స్వీడిష్ నేర్చుకోవడానికి ఎస్‌ఎఫ్‌ఐ దాకా ఆగక్కర్లేదు

డిపెండెంట్ వీసా మీద ఏడాదిన్నర పాపతో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వచ్చానన్నారు. పర్సన్‌నంబర్ (ఇక్కడ నివాసం నమోదయ్యాక ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఇంకా రాలేదు, మీవారి ఆఫీసులో అంతా ఇంగ్లీషే. ఎస్‌ఎఫ్‌ఐ, అంటే వలస వచ్చినవాళ్లకు ఇక్కడ నడిపే ఉచిత స్వీడిష్ క్లాసుల దాకా ఆగాలా, డబ్బు కట్టి ఎక్కడైనా చేరాలా అని మీ ప్రశ్న.

ముందు ఈ వారమే పాపను తీసుకుని దగ్గర్లోని ఓప్నా ఫోర్‌స్కూలాకి వెళ్లండి. నేనూ బాబును చంకనేసుకుని అక్కడే మొదలుపెట్టాను. చిన్నపిల్లలతో అమ్మలూ నాన్నలూ వచ్చి కూర్చునే చోటది. కొన్ని కొమ్యూన్‌వి (మన మున్సిపాలిటీ లాంటిది), కొన్ని చర్చిలు నడిపేవి. ఫీజు ఉండదు, ముందుగా పేరు రాయించుకోనక్కర్లేదు. పిల్లను వదిలేసి రావడం కుదరదు, మీరూ ఉండాల్సిందే. మనకు కావలసిందీ అదే. అందరూ కింద గుండ్రంగా కూర్చుని, చేతులు తిప్పుతూ, వారం వారం అవే పాటలు పాడతారు. పాప కోసం పాడుతుంటే మీకే నోరు తిరుగుతుంది. తర్వాత కాఫీ దగ్గర మాటలు మొదలవుతాయి: ఎన్ని నెలలు, రాత్రి పడుకుంటోందా, అన్నీ తింటోందా. ఎవరు పలకరించినా ఇవే అడుగుతారు, మీరూ అవే జవాబులు చెబుతారు. నా నోటికి ముందుగా పట్టుబడ్డవి మావాడి తిండీ నిద్రా గురించిన వాక్యాలే. నర్సు దగ్గరికి వెళ్లినప్పుడు అవే అక్కరకొచ్చాయి.

రెండోది స్ప్రోక్‌కాఫే, అంటే కూర్చుని స్వీడిష్‌లో మాట్లాడటం అలవాటు చేసుకునే చోటు. లైబ్రరీలు, రెడ్‌క్రాస్, చర్చిలు ఉచితంగా నడుపుతాయి. యోటాప్లాట్సెన్‌లో ఉన్న సిటీ లైబ్రరీలో అడగండి, మీ పేటలోది ఎక్కడుందో కూడా చెబుతారు. మా బల్ల దగ్గర ఒక రిటైర్డ్ టీచరమ్మ సూపర్‌మార్కెట్ ఆఫర్ల కాగితం పరిచి, ఈ రోజు ఏం కొంటావు, ఎందుకు అని అడిగేవారు. 'ఇదాగ్ యా షోపెర్' (ఈ రోజు నేను కొంటాను) అని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపి, 'ఇదాగ్ షోపెర్ యా' అనిపించేవారు. మామూలు వాక్యంలో ముందు ఏ మాట వచ్చినా క్రియ రెండో చోటే ఉండాలి. క్రియను చివర్న పెట్టే మనకు ఇది సూత్రం చదివితే వచ్చేది కాదు, పదిమందిలో పలికితేనే వస్తుంది. చెవి సంగతీ అంతే. పుస్తకంలో 'దెత్ ఎర్' (అది ఫలానా అని చెప్పే మాట) అని ఉన్నది జనం నోట 'దె ఎ' అవుతుంది. ఇళ్లలో కూర్చుని యాప్‌లు పూర్తి చేసినవాళ్లు కూడా బస్సులో మాటలు అర్థంకాక బెంబేలెత్తేది ఇందుకే.

ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి. మీరు కాస్త తడబడగానే ఎదుటివాళ్లు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి వచ్చేస్తారు. ఏళ్లుగా ఉంటున్నా భాష రాని మనవాళ్లు చాలామంది ఆగిపోయింది సరిగ్గా అక్కడే. నవ్వుతూ, స్వీడిష్ నేర్చుకుంటున్నాను, స్వీడిష్‌లోనే చెప్పండి అని అడగండి. నేను అడిగినచోటల్లా సంతోషంగా నెమ్మదించి మాట్లాడారు.

పర్సన్‌నంబర్ రాగానే రెండు దరఖాస్తులు ఒకే రోజు పెట్టేయండి: ఒకటి ఎస్‌ఎఫ్‌ఐకి, ఇంకోటి పాపకు ఫోర్‌స్కూలా (పిల్లను వదిలి వెళ్లగలిగే ప్రీస్కూల్) సీటుకి. సీటు అడిగిన 4 నెలల్లోపు కొమ్యూన్ చూపించాలి, ఎస్‌ఎఫ్‌ఐ 3 నెలల్లోపు మొదలయ్యేలా చూడాలి. ఎస్‌ఎఫ్‌ఐ ఉచితం. అందులో మూడు దారులు, ఏ నుంచి డి వరకు నాలుగు కోర్సులు ఉంటాయి. చేర్చుకునేముందు మీ చదువు గురించి అడుగుతారు. బీటెక్ సంగతి, ఇంగ్లీషు సంగతి దాచుకోకుండా చెప్పండి. ఎక్కువ చదువుకున్నవాళ్లను మూడో దారిలో వేస్తారు, అది సి కోర్సుతో మొదలవుతుంది. తక్కువ చెప్పుకుంటే నెమ్మదిగా నడిచే క్లాసులో పడి విసుగొస్తుంది. పాపతో పగలు కుదరకపోతే సాయంత్రం క్లాసులు, ఆన్‌లైన్ క్లాసులు ఉన్నాయేమో అడగండి. డి అయ్యాక కొమ్‌వుక్స్‌లో (పెద్దవాళ్ల చదువుల బడి) పైకోర్సులు ఉంటాయి, ఉద్యోగానికి ప్రయత్నిస్తే అవీ చేయండి.

ఇంట్లో వంట చేసుకుంటూ స్వీడిష్ రేడియోవాళ్లు తేలిక మాటల్లో చెప్పే వార్తలు పెట్టుకోండి. చదవడానికి 'ఓట్టా సీడోర్' పత్రిక ఉంది, అదీ తేలిక భాషే.

డబ్బు కట్టే కోర్సులు ఫోల్క్‌యూనివర్సితేతెత్ అనే విద్యాసంస్థ లాంటి చోట్ల ఉన్నాయి. నంబర్ బాగా ఆలస్యమైతేనే ఆలోచించండి. మీరుండేది హిసింగెన్ వైపా, ఆంగెరెడ్ వైపా చెబితే, నాకు తెలిసిన ఓప్నా ఫోర్‌స్కూలాలు రాస్తాను.