డిస్కు మీద నేరుగా ప్రింట్ చేయాలంటే ఏ ప్రింటర్ కొనాలి?

"అన్నయ్యా, పాప కూచిపూడి రంగప్రవేశం డీవీడీలు అందరికీ ఇద్దామనుకుంటున్నాం. డిస్కు మీదే పాప ఫోటో, పేరు పడాలి. ఏ ప్రింటర్ కొనమంటారు?"

అమెరికాలో ప్రతి వేసవిలోనూ కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు ఈ సందేహం అడుగుతారు. పెన్ డ్రైవులు, యూట్యూబ్ లింకులు ఉండగా ఇంకా డీవీడీలేమిటని నవ్వేవాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మకి లింకు పంపితే దాన్ని తెరిచి పెట్టేవాళ్ళు దొరకాలి. డిస్కు అయితే తనే ప్లేయర్లో పెట్టుకుని చూసుకుంటుంది. కాబట్టి ఆ చర్చ వదిలేసి ప్రింటర్ సంగతికి వస్తాను.

ముందు నేను అడిగేది, ఇది ఒక్కసారి పనా, ఏటా ఉండే పనా అని. ఒక్క ఫంక్షన్ కోసం ఓ నలభై డిస్కులైతే ప్రింటర్ కొనకండి. డిస్కులు కాపీ చేసి, మీద ప్రింట్ కూడా వేసి ఇచ్చే సర్వీసులు ఆన్‌లైన్లో ఉన్నాయి. లేదా మీ ఊళ్ళో పెళ్ళిళ్ళకి వీడియో తీసే తెలుగాయన్ని అడగండి, ఆయన దగ్గర ఈ ప్రింటర్ ఉండే అవకాశం ఎక్కువ. డాన్స్, సంగీతం నేర్పే టీచర్లు, గుడి కార్యక్రమాలు రికార్డు చేసేవాళ్ళు, ఇంట్లో ఫోటోలు కూడా బాగా ప్రింట్ చేసుకునేవాళ్ళు కొంటే దండగ కాదు.

కొనేటప్పుడు బ్రాండు కంటే ముందు ట్రే చూడండి. మామూలు ప్రింటర్లో కాగితం లోపల రోలర్ల మీదుగా వంపు తిరిగి వస్తుంది. డిస్కు 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి ప్లాస్టిక్, అది వంగదు. అందుకే దాన్ని ఒక ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, ముందు నుంచి తిన్నగా లోపలికి పంపే దారి ప్రింటర్లో ఉండాలి. ఆ దారి లేని ప్రింటర్‌కి ఏ సాఫ్ట్‌వేర్ వేసినా డిస్కు ప్రింట్ కాదు. షాపులో చవగ్గా దొరికే ప్రింటర్లలో చాలావాటికి ఇది ఉండదు. స్పెసిఫికేషన్లలో సీడీ, డీవీడీ ప్రింటింగ్ అని స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి. "ఫోటో ప్రింటర్" అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు.

ఇప్పుడు మోడళ్ళు. ఈ పనిలో ఎప్పటినుంచో గట్టిగా ఉన్నది ఎప్సన్. ఇంటి వాడకానికి ఎక్స్‌పీ-8700 లాంటి ఆరు రంగుల ఫోటో ప్రింటర్ సరిపోతుంది. కొనే ధర తక్కువే, కార్ట్రిడ్జ్‌ల ఖర్చే తర్వాత తెలుస్తుంది. ఎక్కువ ప్రింట్ చేసేవాళ్ళకి ఈటీ-8500, ఈటీ-8550 ఉన్నాయి. వీటిలో ఇంకు సీసాల్లోంచి ట్యాంకులోకి పోసుకోవడమే. ముందు డబ్బు బాగానే పెట్టాలి గానీ, ఒక్కో డిస్కుకి పడే ఇంకు ఖర్చు గురించి మళ్ళీ ఆలోచించక్కర్లేదు. ఇండియాలో ఫోటో స్టూడియోల్లో, జిరాక్స్ షాపుల్లో పీవీసీ కార్డులు వేయడానికి వాడే ఎప్సన్ ఎల్805 చూసే ఉంటారు. డిస్కులూ అందులో అలాగే ట్రేలో పెట్టి వేస్తారు. "అదే ఇండియా నుంచి తెచ్చుకుంటే చవక కదా" అని కొందరంటారు. వద్దు. అక్కడ కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. వారంటీ ఇక్కడ పనికిరాదు, చెడిపోతే సర్వీసుకి పట్టుకెళ్ళే చోటుండదు.

కానన్ విషయంలో ఇంకో మెలిక ఉంది. చాలాకాలం పాటు కానన్ యూరప్‌లో, జపాన్‌లో డిస్కు ప్రింటింగుతో అమ్మిన ప్రింటర్లనే అమెరికాలో ఆ సౌకర్యం లేకుండా అమ్మింది. పేటెంట్ గొడవ వల్లే అని అప్పట్లో అందరూ అనుకునేవారు. 2010లో వచ్చిన ఎంజీ5220, ఐపీ4820 లాంటి వాటితో ఇక్కడ కూడా మొదలైంది. అందుకని లండన్లో ఉన్న బావగారు ఫలానా కానన్ భలే ఉందన్నారని, ఇక్కడ అదే సిరీస్ చూసి ఆర్డర్ పెట్టేయకండి. మోడల్ నంబరు చివర ఒక్క అంకె మారినా సౌకర్యం మారవచ్చు. కానన్ అమెరికా సైట్లో ఆ నంబరు వెతికి చూసుకోండి.

పాతవి కొనడంలో తప్పులేదు. ఎప్సన్ ఆర్టిజాన్ 50, స్టైలస్ ఫోటో ఆర్280 లాంటివి ఇప్పటికీ గరాజ్ సేల్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో కనిపిస్తుంటాయి. అమ్మేవాళ్ళని మొదట అడగాల్సింది ట్రే ఉందా అని. ఇల్లు మారినప్పుడల్లా మొదట పోయేది అదే. ఒక మోడల్ ట్రే ఇంకోదానికి పట్టదు, ఆ మోడల్‌దే కావాలి. రెండోది, నాజిల్ చెక్ (ఇంకు అన్ని రంధ్రాల్లోంచీ సరిగ్గా వస్తోందో చూపించే పరీక్ష ప్రింటు) వేయించి చూడండి. నెలల తరబడి మూలన పడి ఉన్న ప్రింటర్లో ఇంకు ఎండిపోయి గీతలు పడుతుంటుంది. చలికాలంలో హీటింగ్ వేసిన ఇళ్ళల్లో అది ఇంకా త్వరగా ఎండుతుంది. మూడోది, ఆ ప్రింటర్‌ని మీ కంప్యూటర్‌తో నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి.

ప్రింటర్ కొన్నాక అసలు తప్పులు జరిగేది డిస్కుల దగ్గర. కంపెనీ పేరు అచ్చేసిన మామూలు వెండిరంగు డిస్కు మీద ఇంక్‌జెట్ ఇంకు నిలవదు, చేత్తో తుడిస్తే పోతుంది. పైన ప్రత్యేకమైన పూత ఉన్నవి కావాలి, ప్యాకెట్ మీద "ఇంక్‌జెట్ ప్రింటబుల్" అని ఉండాలి. "థర్మల్ ప్రింటబుల్" అని ఉంటే అది వేరే రకం యంత్రానికి, తీసుకోకండి. "హబ్ ప్రింటబుల్" అని ఉన్నవే కొనమంటాను. వాటిలో నడిమి రంధ్రం చుట్టూ దాకా తెల్లపూత ఉంటుంది, ప్రింటు లోపల 22, 23 మిల్లీమీటర్ల వ్యాసం దాకా వెళ్తుంది. లేకపోతే నడుమ 46 మిల్లీమీటర్ల వ్యాసం మేర ఖాళీగా మిగిలి, పాప మొహం సగం అందులోకి పోతుంది. సాఫ్ట్‌వేర్లో ఈ లోపలి, బయటి కొలతలు మార్చే చోటు ఉంటుంది, డిస్కుకి తగ్గట్టు పెట్టుకోండి. మొదటిది పాడైపోయిన డిస్కు మీద వేసి చూడండి. ఇంకు మధ్యలోంచి ట్రే మీదకి పోతే దాన్ని తుడిచాకే తర్వాతది పెట్టాలి, లేదంటే ఆ మరక తర్వాతి డిస్కు అడుగున అంటుకుంటుంది.

స్టిక్కర్ లేబుళ్ళు మాత్రం అంటించకండి. కాస్త పక్కకి అతికిందంటే డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది. కారు ప్లేయర్ వేడికి అంచు లేచిందంటే డిస్కు బయటికి రాదు, కారు రిపేరుకి వెళ్ళాల్సిందే.

తెలుగు అక్షరాల గురించి విడిగా చెప్పాలి. ప్రింటర్‌తో వచ్చే డిజైన్ సాఫ్ట్‌వేర్లలో, ముఖ్యంగా పాతవాటిలో, మన ఒత్తులు విడిపోయి వికారంగా పడుతుంటాయి. డిజైనంతా వేరే ప్రోగ్రాంలో చేసుకుని బొమ్మగా సేవ్ చేసి, దాన్ని మాత్రం ఇందులోకి తెచ్చుకోండి. 120 మిల్లీమీటర్ల డిస్కుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 1417 పిక్సెళ్ళ చదరం చాలు. ఫాంట్లకి సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన రామభద్ర, మండలి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. శీర్షికకి రామభద్ర, మిగతా వివరాలకి మండలి బాగుంటాయని నా అభిప్రాయం. ముదురు రంగు వెనకాల నిండా పోసేయకండి. ఇంకు దండగ, ఆరడానికీ చాలాసేపు పడుతుంది.

ఇండియా నుంచి తెచ్చుకున్న పెళ్ళి డీవీడీని కాపీ చేసి ఇక్కడి స్నేహితులకి ఇద్దామనుకుంటే ఒక మాట. అది ఇండియా టీవీల వీడియో పద్ధతి అయిన పాల్‌లో ఉంటుంది, సెకనుకి 25 ఫ్రేములు. అమెరికాలో వాడేది ఎన్టీఎస్సీ అనే వేరే పద్ధతి. ఇక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్కులు ఆడించవు. ఉన్నదున్నట్టు కాపీ చేసి, పైన అందంగా ప్రింట్ వేసి పంచితే ఫోన్లు మొదలవుతాయి. కంప్యూటర్లో ఎన్టీఎస్సీకి మార్చాకే వీడియోని డిస్కులోకి రాయండి (బర్న్ చేయండి). ఇక్కడి డిస్కుల్ని ఇండియాకి పంపితే అంత ఇబ్బంది ఉండదు, మన దేశంలో అమ్మే ప్లేయర్లు సాధారణంగా రెండూ ఆడిస్తాయి.

ముందు వీడియో రాసి, పనిచేస్తోందో లేదో చూసి, ఆ తర్వాతే ప్రింట్ వేయండి. ప్రింట్ వేశాక రాస్తే, వేలిముద్రలకీ గీతలకీ రాత మధ్యలో ఆగిపోవచ్చు. వేసినవాటిని ఒకదానిమీద ఒకటి పెట్టకుండా, ఎండ తగలని చోట ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. ఆరినా ఇంకు నీళ్ళకి లొంగేదే, తడిచేత్తో పట్టుకుంటే చెరిగిపోతుంది. ఊరికి పంపే డిస్కులకి మాత్రం కొంచెం ఎక్కువ పెట్టి, నీళ్ళకి తట్టుకునే మెరుపుపూత ఉన్న రకం తెప్పించుకోండి.