మెత్తగా పలికే పికప్ ఏది?

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు రెండున్నాయి. రెండూ హంబకర్లే, అంటే రొద రాకుండా రెండేసి కాయిల్స్ (తీగ చుట్టలు) ఉన్నవి. బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) వైపుది చెవిలో గుచ్చుకుంటోంది, నెక్ (మెడ) వైపుది బొంగురుగా ఉంది. జాజ్, బ్లూస్, అప్పుడప్పుడు రాక్ వాయిస్తాను. అన్నిటికీ పనికొచ్చే మెత్తని పికప్ చెప్పండి. 16 కిలో ఓమ్‌లది కొనమని మిత్రుడి సలహా.

జవాబు: ఆ 16 అంకెను ముందు పక్కన పెట్టండి. ఓమ్‌లు చూసి పికప్ కొనడం నాకు అసలు నచ్చదు. అది కాయిల్‌లోని తీగ నిరోధం మాత్రమే. తీగ సన్నబడినా అది పెరుగుతుంది. నిజంగానే చుట్లు ఎక్కువైతే ధ్వని బలంగా వస్తుంది, కానీ పై స్వరాల మెరుపు పోతుంది. జాజ్‌కు ఆ మెరుపు కొంతైనా ఉండాలి.

బ్రిడ్జి వైపు ఒక్కటే మార్చండి. 1957లో గిబ్సన్ గిటార్లలో వచ్చిన, సెత్ లవర్ రూపొందించిన హంబకర్ల తరహాలో, 8 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో, ఆల్నికో 2 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతం ఉన్నది తీసుకోండి. ఆల్నికో 5 దానికన్నా బలమైనది, తీగ మీటగానే పదునుగా పలుకుతుంది. సెరామిక్ ఇంకా కరుకు. ఆల్నికో 2 అంచులు అరగదీసినట్టు గుండ్రంగా పలుకుతుంది. ఆంప్లిఫయర్‌లో గెయిన్ (ధ్వని చిట్లేలా సంకేతాన్ని పెంచే నాబ్) బాగా పెంచితే మంద్ర స్వరాలు కాస్త సడలుతాయి. మీకు రాక్ అప్పుడప్పుడే కాబట్టి ఫరవాలేదు.

పికప్ నుంచి నాలుగు వైర్లు బయటికి వచ్చే రకమే అడగండి. అప్పుడు రెండు కాయిల్స్‌నూ ఒక స్విచ్‌తో ప్యారలల్‌గా (ఒకదాని వెనక ఒకటి కాక, పక్కపక్కన) కలపవచ్చు. ఒక కాయిల్‌ను ఆపేయడం కన్నా నాకు ఇదే ఇష్టం: ధ్వని పలుచబడి తేటపడుతుంది, గుయ్ మనే రొద రాదు.

నెక్ వైపుది కొనకుండానే బాగుపడవచ్చు. ఆరో తీగను చివరి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర నొక్కి పట్టుకుని, తీగకూ పికప్‌కూ మధ్య ఖాళీ కొలవండి. 2 మిల్లీమీటర్లే ఉంటే 3 దాకా దించండి. మొదటి తీగ వైపు ఎత్తు అలాగే ఉంచి, ఆ వైపు తీగల కింద పికప్ మీదున్న స్క్రూలను అర చుట్టు పైకి తిప్పండి. బొంగురు చాలావరకు అక్కడే తగ్గుతుంది.

వాల్యూమ్ నాబ్ కింద 500 కిలో ఓమ్‌ల పాట్ (నాబ్ తిప్పితే మారే నిరోధకం) తీసి 250 వేస్తే కరుకుదనం తగ్గే మాట నిజమే. కానీ రెండు పికప్‌లకూ ఒకే నాబ్ ఉంటే ఆ పని చేయకండి, నెక్ వైపుది మరింత మూసుకుపోతుంది.

కొనేముందు బ్రిడ్జి పికప్ మీద మొదటి తీగ నుంచి ఆరో తీగకు దూరం కొలుచుకోండి. 50, 53 మిల్లీమీటర్ల దరిదాపుల్లో రెండు కొలతలు దొరుకుతాయి.