పళ్ల మీద పరిశోధన: కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి చోటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. నారింజ, నిమ్మ లాంటి పళ్లు కోశాక నాణ్యత ఎలా నిలుస్తుంది, తొక్క, పిప్పితో ఏం చేయవచ్చు అన్నదాని మీద పరిశోధన చేస్తానంటోంది. అగ్రికల్చర్ చదవని పిల్లకు అక్కడ చోటుంటుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉంటుందండీ. అందులో తోట పని కంటే ల్యాబ్ పనే ఎక్కువ.

ఒక సంగతి చెబుతాను, మీ అమ్మాయికీ చెప్పండి. కొన్ని రకాల నారింజ రసం పిండగానే బాగుంటుంది, కొన్ని గంటలకు చేదెక్కుతుంది. పండులో ఉన్నప్పుడు చేదు లేని ఒక పదార్థం, పిండాక రసంలోని పులుపు తగిలి మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. ఆ చేదు దానిదే. దాన్ని కొలవడం, తగ్గించడం అచ్చంగా కెమిస్ట్రీ పని. (లిమొనీన్ వేరు, అది తొక్క గిల్లితే వచ్చే వాసన. కొత్తవాళ్లు ఈ రెండు పేర్ల దగ్గర తికమకపడతారు.)

తొక్క సంగతి ఇంకా పెద్దది. రసం తీశాక నారింజ బరువులో దాదాపు సగం మిగిలిపోతుంది. అందులోంచి సువాసన నూనె, జామ్ గడ్డకట్టడానికి వాడే పెక్టిన్, తొక్కలో సహజంగా ఉండే హెస్పెరిడిన్ అనే పదార్థం లాంటివి తీయవచ్చు. పులియబెట్టి ఆల్కహాల్ చేద్దామంటే మాత్రం ఆ లిమొనీనే ఈస్ట్‌ను ఎదగనివ్వదు, ముందు దాన్ని తీసేయాలి. తడి తొక్క త్వరగా పాడవుతుంది, ఆరబెట్టాలంటే ఇంధనం ఖర్చు. ఈ చిక్కుల్లోనే మంచి పరిశోధన ఉందని నా నమ్మకం.

ఆమెకు లోటుగా ఉండేది మొక్కల శాస్త్రం. కోసిన పండు కూడా శ్వాసిస్తూనే ఉంటుంది. మామిడిలా నారింజ కోశాక మాగి తియ్యబడదు. కాయలను మాగబెట్టే ఇథిలీన్ వాయువు పెడితే తొక్క రంగు మారుతుందే తప్ప తీపి పెరగదు. ఇది తెలియకుండా నిలవ ప్రయోగం మొదలుపెడితే మొదటికే మోసం. అందుకని పీజీలో ఫుడ్ టెక్నాలజీ గానీ, కోత తర్వాతి సంరక్షణ నేర్పే కోర్సు గానీ చూడండి. స్టాటిస్టిక్స్, కాస్త మైక్రోబయాలజీ తప్పనిసరి.

సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ కావాలి. జ్యూస్, ఫ్లేవర్ కంపెనీల క్వాలిటీ ల్యాబ్‌లకు పీజీతో వెళ్లవచ్చు. పళ్లు సీజన్‌లోనే దొరుకుతాయి, ప్రయోగం తప్పితే మళ్లీ ఏడాది ఆగాల్సి రావచ్చు. ఆ ఓపిక ఉందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. ఒకే పెట్టెలోని ఇరవై పళ్లను మూడు వారాల పాటు రోజూ తూచి, రంగు, వాసన, బూజు రాసిపెట్టమనండి. మూడో వారంలోనూ ఇష్టంగా రాస్తుంటే, నిశ్చింతగా పంపండి.