గాలికి లేచిపోయిన సోలార్ ప్యానెళ్లు: కేసు నిలబడేది సిమెంటు దిమ్మల మీదే

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. సముద్రం దగ్గరే. మా అబ్బాయి రాజస్థాన్‌లో, భడ్లా సోలార్ పార్కులో పని చేస్తున్నాడు. ఎడారిలో ఇసుక తుపాన్లను తట్టుకునే రకం ప్యానెళ్లని చెప్పి ఒక సంస్థ వాళ్లు మా డాబా మీద 3 కిలోవాట్లవి పెట్టారు. లక్షా ఎనభై వేలు అయింది. నా గొలుసు తాకట్టు పెట్టి కట్టాం. స్లాబుకు కన్నాలు వేస్తే కారుతుందని, ఎనిమిది సిమెంటు దిమ్మలు పెట్టి వాటికి ఫ్రేము బిగించారు. ఏడాది తిరక్కుండానే వేసవి గాలివానకు ఆరు ప్యానెళ్లూ లేచి జీడితోటలో పడ్డాయి. 19 నెలలుగా ఫోన్లు, వాట్సాప్ మెసేజిలు. 'దైవాధీనం, మా పూచీ లేదు' అంటున్నారు. ఫ్రేము పాత ఇనుముకు వేసేశాం. ఇప్పుడు బీమా చేయించి, ఆ తర్వాత పోయినట్టు చూపిద్దామని తెలిసినాయన అంటున్నారు. చేయొచ్చా?

సమాధానం: అమ్మా, ముందు ఆ చివరి మాట సంగతి. చేయకండి. పాలసీ మీద తేదీ ఉంటుంది. ప్యానెళ్లు పోయాయని మీరే 19 నెలలుగా పంపిన మెసేజిల మీదా తేదీలుంటాయి. రెండూ పక్కన పెడితే బీమా డబ్బు రాదు సరికదా, భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం కేసులో మీరే ముద్దాయి అవుతారు. ఆ తర్వాత మీ నిజమైన కేసులోనూ మీ మాట ఎవరూ నమ్మరు.

ఎడారి సంగతి పక్కన పెట్టండి. అక్కడ ప్యానెల్‌కు శత్రువులు దుమ్ము, ఇసుక, ఎండ. అద్దం మీద పూత అరిగిపోతుంది, దుమ్ము పేరుకుని కరెంటు తగ్గుతుంది. మన తీరంలో పెద్ద శత్రువులు ఉప్పుగాలి, తుపాను గాలి. ఇసుక పరీక్ష వేరు, ఉప్పు తుంపర (సాల్ట్ మిస్ట్) పరీక్ష వేరు. ఒకటి పాసైతే రెండోది పాసైనట్టు కాదు. మీ ఊరు సముద్రం పక్కనని తెలిసి, వాళ్ల నైపుణ్యాన్ని నమ్మి కొన్నారు కాబట్టి, చెప్పిన అవసరానికి తగిన సరుకే ఇవ్వాలనే 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ మీకు కొంత పనికొస్తుంది. కానీ మీ ప్యానెళ్లు అరిగిపోలేదు, తుప్పు పట్టలేదు. లేచిపోయాయి. ఎలా లేచాయన్నదే కేసు.

మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన దిమ్మలే అసలు విషయం. గాలి భారాన్ని లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో మన వైపు తీరంలోని విశాఖపట్నానికి మూల గాలివేగం (కట్టడాల లెక్కకు ఆధారంగా తీసుకునే వేగం) సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. ఆరు పెద్ద ప్యానెళ్లంటే 15 చదరపు మీటర్ల పైమాటే. మొత్తం రెండు టన్నులు దాటుతుంది. డాబా ఎత్తు, ప్యానెళ్ల వాలు చూసి ఇంజనీరు ఈ లెక్క సరిచేస్తాడు. ఇద్దరు మనుషులు ఎత్తి పెట్టగల దిమ్మలు ఎనిమిది వేసినా అరటన్ను చేరడం కష్టం. వాళ్ల సేవాలోపం అక్కడ ఉంది.

దైవాధీనం అన్న వాదనకూ ఇదే జవాబు. ఎవరూ ఊహించలేనిది, ఆపలేనిది వస్తేనే ఆ మాట చెల్లుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు వీచింది. అలాంటి చోట పని ఒప్పుకున్నవాడు గాలిని ఊహించలేదంటే కుదరదు. పైగా మీది తుపాను కూడా కాదు, వేసవి గాలివాన. ఆ రోజు కళింగపట్నం వాతావరణ కేంద్రంలో నమోదైన గాలివేగం కావాలని విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. చుట్టుపక్కల డాబాల మీద నిలిచిన ప్యానెళ్లు ఉంటే ఫోటోలు తీసి, ఆ ఇంటివాళ్ల చేత అఫిడవిట్ రాయించండి.

ఫ్రేము అమ్మేయడం మాత్రం పెద్ద పొరపాటు. బోల్టు విరిగిందా, ఊడిందా, అసలు బిగించారా అన్నది చెప్పేది అదే. కొన్న పాత ఇనుము కొట్టువాళ్ల దగ్గర చీటీ ఉంటే తెచ్చుకోండి. దిమ్మలు ఉన్నాయా? ఉంటే ఇవాళే తూకం వేయించి, తూకం కనబడేలా ఫోటో తీయించండి. వాటిని బట్టలుతికే రాళ్లుగా వాడుతుంటే ఆపేయండి. సబ్సిడీ కింద పెట్టించుకున్నారా? అయితే పని పూర్తయ్యాక తీసిన ఫోటోలు సబ్సిడీ పోర్టల్‌లో ఉంటాయి, నెట్ మీటరు (మీరు వాడిన కరెంటును, బయటికి ఇచ్చినదాన్ని లెక్కగట్టేది) బిగించినప్పటి కాగితాలు విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర ఉంటాయి. నకళ్లు అడగండి. సంస్థతో చేసుకున్న ఒప్పందంలో ఐదేళ్ల నిర్వహణ షరతు ఉందేమో కూడా చూడండి. మెసేజిలున్న ఫోన్ మార్చకండి, అమ్మకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో ఆ మెసేజిలు దాఖలు చేయాలి.

ఇప్పుడు నాకు భయంగా ఉన్న విషయం. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లే. ప్యానెళ్లు పోయిన రోజు నుంచి లెక్కేసుకోండి. మీకు ఐదు నెలలే ఉన్నాయి. ఫోన్లు, మెసేజిలు, 'చూస్తాం లెండి' అన్న జవాబులు గడువును పెంచవు. అవతలివాళ్లు ఎత్తి చూపకపోయినా గడువు దాటిందా లేదా వినియోగదారుల కమిషనే చూడాలని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ, తగిన కారణం రుజువు చేయాలి. గొలుసు తాకట్టు ఆ కారణం కాదు.

ఈ వారమే లాయరు చేత స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి, 15 రోజుల గడువుతో. జవాబు వచ్చినా రాకపోయినా శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కేసులన్నీ హైదరాబాద్‌లోనే అని బిల్లు కింద అచ్చేసి ఉన్నా కంగారు పడకండి, మీరు ఉంటున్న చోటే వేసుకునే హక్కు చట్టం ఇచ్చింది. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కట్టిన సొమ్ము, దాని మీద వడ్డీ, నష్టపరిహారం, ఖర్చులు అడగండి. సివిల్ ఇంజనీరు నివేదిక జతచేయండి. ఆయన వచ్చి చూసేదాకా జీడితోటలో పడిన ప్యానెల్ ముక్క ఒక్కటీ కదపకండి.