నీడ చెట్టు, నీడ మొక్క

సందేహం: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, చదువు ఒడియాలో. మా వీధి చివర నర్సరీవాళ్లు ‘నీడ మొక్కలు’ అని తెలుగులో బోర్డు పెట్టారు. ‘నీడ చెట్టంటే నీడనిచ్చేది కదా, నీడ మొక్కంటే నీడలో పెరిగేదెలా అవుతుంది? తప్పు’ అంటున్నారు మా మామగారు. ఏది సరి? మొక్కతో ఇచ్చిన చీటీలో ‘పాక్షిక నీడలో ఉంచాలి, మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి’ అని రాశారు. ‘పాక్షిక నీడ’కు మన మాట ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, బోర్డు తప్పు కాదు. మీ మామగారి అనుమానమూ వట్టిది కాదు.

రెండు పేర్లు పక్కపక్కన చేరి సమాసమైనప్పుడు వాటి సంబంధం చెప్పే మాట జారిపోతుంది. దాన్ని వినేవాళ్లే పూరించుకుంటారు. పూల మొక్క పూలు పూసేది, కుండీ మొక్క కుండీలో ఉండేది. తేనెటీగ తేనె కూర్చేది, నూతి నీళ్లు నూతిలోవి. అలాగే నీడ చెట్టు నీడనిచ్చేదీ, నీడ మొక్క నీడన పెరిగేదీ కావడానికి వ్యాకరణం అడ్డురాదు. కోరాపుట్ కాఫీ తోటల్లో ఈ రెండూ ఒకేచోట కనిపిస్తాయి. పైన సిల్వర్ ఓక్ నీడ చెట్టు, దాని కింద కాఫీ నీడ మొక్క. తోటలో నిలబడి మాట్లాడుకునేవాళ్లకు తికమక ఉండదు.

నర్సరీలో ఉంటుంది. అక్కడ జానెడు ఎత్తున్న వేపా మొక్కే, కానుగా మొక్కే. ఇంటి ముందు నాటడానికి ‘నీడనిచ్చే మొక్క’ కావాలని వచ్చేవాళ్లూ ఆ బోర్డు చూసే లోపలికి వస్తారు. అందుకని ‘నీడన పెరిగే మొక్కలు’ అని రాయించమంటాను. ఒక మాట ఎక్కువైనా అనుమానం తీరుతుంది. ఒడియా ‘ఛాయి’ని చూసి ‘ఛాయా మొక్కలు’ అని మాత్రం రాయించవద్దు. తెలుగు చెవికి ఛాయ అంటే ముందు తోచేది రంగు. రంగురంగుల ఆకుల మొక్కలని ఎవరైనా క్రోటన్ల కోసం వస్తారు. క్రోటన్‌కు ఆ రంగు రావాలంటే మంచి వెలుతురే కావాలి, నీడలో పెడితే ఆకు వట్టి ఆకుపచ్చగా మారిపోతుంది.

ఇక ‘పాక్షిక నీడ’. అర్థం కాని మాటేమీ కాదు, కానీ దాంతో పని జరగదు. పగలంతా పలచని నీడా, సగం పూట ఎండా సగం పూట నీడా? మొక్కకు ఆ రెండూ ఒకటి కావు. మన వాడుకలో ఇంతకంటే కచ్చితమైన మాటలున్నాయి. పొద్దునా సాయంత్రమూ కాసే మెత్తని ఎండ నీరెండ. ఆకుల సందుల్లోంచి మచ్చలు మచ్చలుగా పడేది ఎండపొడ. పొడ అంటే మచ్చ కూడాను. ఎండ నేరుగా తగలని చోటు నీడపట్టు. నీడకు చిక్కదనం, పలచదనం కూడా చెప్పవచ్చు. తమలపాకు తీగను అవిసె చెట్లకు పాకించే ఆకుతోటకు వెళ్లి చూడండి. అవిసె ఆకు చిన్నది, దాని కింద నేలంతా ఎండపొడలే. అది పలచని నీడ. మర్రిది చిక్కని నీడ. పైగా దాని వేళ్లు నేలలోని నీటినీ సారాన్నీ లాగేస్తాయి. ‘మర్రిచెట్టు కింద మొక్క మొలవదు’ అన్నవాళ్లు కళ్లారా చూసిందే చెప్పారు.

గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మీది. వాడుక మాటకు రాతలో చోటుండాలని ఆయన జీవితమంతా పోరాడారు. 1936లో మీ ఊరు ఒడిశాలో కలిసింది, తెలుగు మెల్లమెల్లగా బడి నుంచి ఇంటి వైపు జరిగింది. ఇంట్లో మిగిలిన ఈ మాటలను మొక్క చీటీ మీదికైనా ఎక్కించుకోవాలని నా ఆశ.

మీరు అడగకపోయినా, ఆ చీటీలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ‘తడి’. తడి అంటే నీరు పైకి తెలిసేది: తడి బట్ట, తడి చెయ్యి. మీ వైపు వానాకాలపు ఉక్కలో గాలిలోనే తేమ నిండి ఉంటుంది. నీడలోని కుండీ త్వరగా ఆరదు. చీటీని నమ్మి రోజూ నీళ్లు పోస్తే ఆంథూరియం, అగ్లోనీమా వంటివి వేరు కుళ్లి, ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. వాడిందనుకుని ఇల్లాలు ఇంకో చెంబు పోస్తుంది. ఆ చీటీలో ఉండాల్సిన మాట రైతు దగ్గరుంది: పదును. విత్తడానికి సరిపడా తేమ ఉన్న నేలను ‘పదునుగా ఉంది’ అంటాడు. పిడికిట పడితే ఉండ కడుతుంది, వేలితో తాకితే విడిపోతుంది, నీరు మాత్రం కారదు. కుండీలో రెండు కణుపుల లోతున వేలు గుచ్చి చూడండి. చల్లగా తగిలి, మట్టి వేలికి అంటుకుంటే ఆ పూట నీళ్లు వద్దు.

ఇంకో జాగ్రత్త. మే నెలలో సాయంత్రం నాలుగింటి ఎండను నీరెండ అనుకోవద్దు. పడమటి వసారాలో పెట్టిన మొక్కల ఆకులు అంచుల వెంట మాడేది అప్పుడే. అందుకే ‘పొద్దుటి నీరెండ’ అని విప్పి చెప్పడం మేలు. చీటీని ఇలా రాయించవచ్చు:

‘నీడపట్టున పెట్టండి. పొద్దుటి నీరెండ తగిలినా మంచిదే. మధ్యాహ్నపు ఎండ, పడమటి ఎండ వద్దు. మట్టి పదునుగా ఉంటే చాలు, పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి. కుండీ అడుగున నీరు నిలవనీయకండి.’

దీని కిందే ఒడియాలోనూ రాయమనండి. ఆ నర్సరీకి రెండు భాషలవాళ్లూ వస్తారు కదా.