ఫోన్‌తో రోబో నడపడం పిల్లలకు రేపు ఫ్యాక్టరీలో పనికొస్తుందా?

"మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఫోన్‌తో నడిచే రోబో కిట్ కొనమంటున్నాడు. రేపు ఉద్యోగానికి పనికొస్తుందా, ఆటబొమ్మేనా?" అని అడిగారు.

పనికొస్తుంది, కొనండి. అయితే బండి ఎలా ఆగుతుందో ముందు చూడమనండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. అంతకుముందు ఐదేళ్లు ఒక కారు విడిభాగాల ఫ్యాక్టరీలో వెల్డింగ్ రోబోల దగ్గర పనిచేశాను. మూడేళ్ల కిందట మా పిల్లలు ఆర్డుయినో యూనో (మనం రాసిన కోడ్ నడిపే చిన్న బోర్డు), మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్, ఫోన్‌తో కలిపే హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ పెట్టి బండి కట్టారు. యాప్ కూడా బ్లాకులు పేర్చి యాప్‌లు చేసే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌లో వాళ్లే చేసుకున్నారు. బటన్ నొక్కితే 'ఎఫ్' (ఫార్వర్డ్) అనే అక్షరం వెళ్లి బండి ముందుకు పోతుంది, వేలు తీస్తే 'ఎస్' (స్టాప్) వెళ్లి ఆగుతుంది. సైన్స్ ఫెయిర్ రోజు పొద్దుటి నుంచి అందరికీ నడిపి చూపించారు. మధ్యాహ్నం, బండి స్టేజీ మీద పోతుండగా ఫోన్ చార్జింగ్ అయిపోయి ఆఫ్ అయింది. బండికి చివరగా అందింది 'ఎఫ్'. 'ఎస్' ఇక రాదు కదా. నేరుగా అంచు దాటి, కింద కూర్చున్న ఆరో తరగతి పిల్లాడి కాలి మీద పడింది. బొటనవేలి గోరు లేచిపోయింది. వాడి ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది. ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాణ్ణి, నేను ముందే చూసుకోవాల్సింది.

ఫ్యాక్టరీలో రోబోకు పని నేర్పడానికి చేత్తో పట్టుకునే రిమోట్ లాంటి టీచ్ పెండెంట్ వెనక ఒక స్విచ్ ఉంటుంది. మధ్యస్థంగా నొక్కి పట్టుకుంటేనే రోబో కదులుతుంది. వదిలేస్తే ఆగుతుంది, కంగారులో గట్టిగా బిగించినా ఆగుతుంది. అలా పని నేర్పేటప్పుడు రోబో వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటదు. ఫోన్ అద్దం మీద అలాంటి స్విచ్ ఎక్కడుంది? అందుకే ఫోన్‌తో పెద్ద రోబో చేయి తిప్పి చూపించే వీడియోలంటే నాకు ఒళ్లు మండుతుంది. ఫ్యాక్టరీలో ఫోన్ ఉండాల్సింది యంత్రాలు పంపే అలారాలు చూసుకోవడానికే.

మా బండికి మందు చిన్నదే. ఫోన్ ప్రతి 200 మిల్లీసెకన్లకు ఒక అక్షరం పంపుతూ ఉండాలి. అర సెకను ఏదీ రాకపోతే ఆర్డుయినో తనంతట తానే మోటార్లు ఆపేయాలి. నాలుగైదు లైన్ల కోడ్. రేపు ఫ్యాక్టరీలో పనికొచ్చేది ఈ ఆలోచనే.

అందుకే కోడ్ మార్చుకోనివ్వని కిట్ మాత్రం కొనకండి. మా స్కూలుకు అలాంటివే రెండు అంటగట్టారు, బీరువాలో పడున్నాయి. చిన్న 9 వోల్టుల బ్యాటరీ ఇస్తే అది మోటార్లకు చాలదు, మళ్లీ చార్జ్ చేసుకునే 18650 లిథియం సెల్స్ రెండు పెట్టండి. మీ ఇంట్లో ఉన్నది ఐఫోన్ అయితే హెచ్‌సీ-05 దానితో కలవదు, బ్లూటూత్, వైఫై రెండూ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు తీసుకోండి.

కిట్ వచ్చాక బండి నడుస్తుండగా మీరే ఫోన్ తీసుకుని బ్లూటూత్ ఆపేయండి. ఈఎస్‌పీ32ను వైఫైతో నడిపిస్తుంటే వైఫై ఆపండి. మా ల్యాబ్‌లో మూరెడు దూరంలోపు ఆగితేనే రికార్డులో సంతకం పెడుతున్నాను.